బకెట్టులో గీత

ఫిబ్రవరి 17, మంగళవారం

చిరంజీవి బావమరిదికి మీ బావ ఆశీర్వదించి రాస్తున్నది.

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను. ఇక్కడి కుశలం సగమే ఉంది కాబట్టి ఆ మాట మొత్తం నీకే వదిలేస్తున్నాను. ఫోను చేస్తే ఎత్తవు. పదకొండుసార్లు చేశాను. మీ అక్క చేస్తే మాత్రం రెండో రింగుకే ఎత్తుతావు. ఆవిడ వంటింట్లోకి వెళ్లి గుసగుసలాడితే నాకు వినబడదనుకుంటుంది. నా చెవిలో పాడైంది వేరే భాగం, వినే భాగం శుభ్రంగా ఉంది. అందుకే ఈ ఉత్తరం. ఉత్తరాన్నయితే మధ్యలో పెట్టెయ్యలేవు కదా.

ముందు అసలు సంగతి. నేను తాగలేదు.

ఆ రోజు సైటులో కూలీలందరి ముందూ, కాంట్రాక్టరు ముందూ, పొద్దున్నే తాగొచ్చావా బావా అన్నావు. నాకు తల కొట్టేసినట్టయింది. మీ నాన్న, అదే మా మామయ్య, పోయిన దగ్గర్నుంచీ, అంటే పన్నెండేళ్లుగా, మనిద్దరం ఒకే పరంజా మీద పని చేస్తున్నాం. ఒక్కరోజైనా నా నోట ఆ వాసన వచ్చిందా? గుండెల మీద చెయ్యేసుకుని చెప్పు.

జరిగింది చెప్తాను, విను. జలుబు చేసి తగ్గిన వారానికి, ఒక పొద్దున మంచం మీద కళ్లు తెరిచాను. ఫ్యాను ఆగి ఉంది, ఇంటి కప్పు గిర్రున తిరుగుతోంది. లేవబోతే గోడకి వెళ్లి కొట్టుకున్నాను. ఇక వాంతులే వాంతులు. రెండు రోజులు కటిక నేల మీదే పడుకున్నాను, అక్కణ్ణించి కింద పడేది ఉండదని. పక్కింటి దర్జీ వచ్చి బీపీ అన్నాడు. ఆయన భార్య నీరసం అంది. మీ అక్క గ్యాసు అంది. మందుల షాపువాడు ఎవరినీ అడక్కుండా బిళ్లలిచ్చాడు. ఎనిమిదో రోజుకి లేచి నిలబడ్డాను. నిలబడ్డాను కదా, ఇంకేం, పనికొచ్చేశాను.

ఆ ఎనిమిది రోజుల్లో నువ్వు మెట్ల పక్క గోడ కట్టావు. మేస్త్రీవై నీ అంతట నువ్వు కట్టిన మొదటి గోడ అది. నాకు తెలియక కాదు. అక్కడ మూడు వైపులా టార్పాలిన్ పట్టాలు కట్టి ఉన్నాయి, వెలుతురు అంతంతమాత్రం. నిలబడి చూశాను. గోడ కుడికి ఒరిగింది. ఒరిగిందంటే ఒరిగింది. మామయ్య నా గురించి ఏమనేవాడో నీకు గుర్తులేదా? అందరూ గుండుకి దారం కట్టి వేలాడదీసి తూకం చూసుకుంటారు, వీడికి గుండెందుకురా, వీడి కన్నే గుండు అనేవాడు. ఆ కంటితోనే చూసి చెప్పాను. సిమెంటు మాలు పచ్చిగా ఉండగానే పడగొట్టడం మంచిదని సుత్తి తీసుకున్నాను. పెద్ద మేస్త్రీ చెయ్యాల్సిన పనే చేశాను. దానికి నువ్వు నన్ను తాగుబోతును చేసి, సంచీ భుజానేసుకుని వేరే ఊళ్లో పనికి వెళ్లిపోయావు.

మర్నాడు నిచ్చెన మీద పట్టు తప్పాను. రెండో మెట్టు మీదే. పడింది ఇసుకలో కాబట్టి బతికిపోయాను. కాంట్రాక్టరు నన్ను పరంజా ఎక్కొద్దన్నాడు. పది రోజులు మొండికేశాక మీ అక్క చెవి డాక్టరు దగ్గరికి లాక్కెళ్లింది. ఆయన నా తల రెండు చేతులా పట్టుకుని, తన ముక్కునే చూస్తూ ఉండమని, ఉన్నట్టుండి ఇటూ అటూ విసిరాడు. లోపలి చెవి నుంచి మెదడుకి వెళ్లే నరం ఒకటి ఉంటుందట. తల ఎటు తిరుగుతోందో, నిలువు ఏదో కబురు చెప్పేది అదే. నాకు ఎడమవైపు ఆ నరం వాచిపోయిందట. కుడి చెవి ఒక లెక్క చెప్తోంది, ఎడమ చెవి ఇంకో లెక్క చెప్తోంది. ఇద్దరు మేస్త్రీలు ఒకే గోడకి చెరో మట్టం చెప్పినట్టు. మధ్యలో మెదడు ఏం చేస్తుంది, పిచ్చిదై తిరుగుతోంది.

మందుల షాపువాడిచ్చిన ఆ బిళ్లలు మొదటి మూడు రోజులకే అట, నేను మూడు వారాలు మింగాను. అవి మెదడుని జోకొడతాయి తప్ప నేర్చుకోనివ్వవని డాక్టరు కోప్పడ్డాడు. వాటిని ఆపించి, ఫిజియోథెరపీకి వెళ్లమన్నాడు. నడుం పట్టేసినవాళ్లూ మోకాళ్లు అరిగినవాళ్లూ వెళ్లే చోటికి తల తిరిగేవాడెందుకో! వెళ్తాను, తప్పేదేముంది.

పది లైన్లు రాస్తే అక్షరాలు ఈదుతున్నాయి. ఈ ఉత్తరానికి మూడు రోజులు పట్టింది. ఆ సంగతైనా గుర్తుంచుకో.

ఇట్లు,
ఎన్నడూ తాగని మీ బావ

తా.క. మామయ్య ఇత్తడి గుండు కనబడటం లేదని మీ అక్కని అడిగావట. నాకేం తెలుసు? నీ సంచీలోనే సరిగ్గా వెతుక్కో.


మార్చి 6, శుక్రవారం

బావమరిదికి ఆశీస్సులు. ఇవి అలవాటు కొద్దీ ఇస్తున్నవి, నువ్వు సంపాదించుకున్నవి కావు. ఉత్తరం అందిందని మీ అక్క మొహం చూస్తేనే తెలిసింది. జవాబు మాత్రం లేదు. సరే, నీ ఇష్టం.

ఇక్కడ నా బతుకు ఎలా ఉందో విను. ఫిజియో అమ్మాయికి మా పెద్దమ్మాయి వయసుంటుంది. గొంతు మాత్రం మా స్కూల్లో డ్రిల్లు మాస్టారిది. పొడుగాటి గది, ఒక గోడంతా అద్దం, పట్టుకుని నడవడానికి రెండు కమ్మీలు, ఓ మూల మెత్తటి స్పాంజి పలకలు. మొదటి రోజు నన్ను స్పాంజి మీద పాదాలు దగ్గరగా పెట్టి కళ్లు మూసుకోమంది. మూసుకున్నాను. మూడు లెక్కపెట్టేలోగా ఆ అమ్మాయి చేతుల్లో ఉన్నాను. నాలుగంతస్తుల ఎత్తున పరంజా బద్దె మీద నిలబడి ఇటుక అందుకున్నవాణ్ణి రా నేను! సిగ్గుతో చచ్చిపోయాను.

ఇంటి దగ్గర ఏం చెయ్యాలంటే, కాగితం మీద ఒక అక్షరం రాసి కళ్ల ఎత్తులో గోడకి అంటించాలి. దాన్నే చూస్తూ తల కాదు కాదు అన్నట్టు ఊపాలి, నిమిషం సేపు, రోజుకి మూడు పూటలు. అక్షరం కదలకూడదు. నాది కదలడం కాదు, గోడ దిగి వెళ్లిపోతుంది. తర్వాత హాల్లో గీత మీద నడక. ఆ టైల్సు పరిచింది మనిద్దరమే కదా, రెండు టైల్స్ మధ్య సందు మీద ఒక కాలి మడమకి ఇంకో కాలి వేళ్లు ఆనించి నడవాలి. నాలుగో అడుక్కి సోఫాలో ఉంటున్నాను. ఆ తర్వాత నడుస్తూ తల ఇటూ అటూ తిప్పడం. వీధిలో అలా నడుస్తుంటే, ఎవరి కోసం వెతుకుతున్నారని దర్జీ అడిగాడు. నా తల కోసం అని చెప్పాను.

నాకు ఒళ్లు మండించేది ఏంటంటే, తిరుగుడు తగ్గించమని వెళ్తే ఆ అమ్మాయి తిరుగుడు తెప్పిస్తోంది. అదే అడిగేశాను. కొంచెం తిరిగితేనే పని చేస్తున్నట్టు, అసలు తిరక్కపోతే దండగ అంది. ఎడమ చెవి తప్పు కబురు పంపుతోందని మెదడుకి తెలియాలంటే ఆ తప్పు దానికి పదే పదే కనబడాలట. తల కదపకుండా కొయ్యబొమ్మలా పడుకుంటే అది ఎప్పటికీ నేర్చుకోదట. నేను మూడు వారాలు చేసింది సరిగ్గా అదే. నెత్తి మీద నీళ్ల బిందె ఉన్నట్టు తిరిగాను. మీ అక్క కదలొద్దు కదలొద్దు అని దిండ్లు పేర్చింది. ఇద్దరం కలిసి రోగాన్ని పెంచి పోషించామన్నమాట.

ఇంకో ఒళ్లుమంట. అక్కడికి ఒక రిటైర్డు టీచరమ్మ వస్తుంది. ఆవిడకి మంచం మీద పక్కకి తిరిగినప్పుడే అరనిమిషం సేపు లోకం గిర్రుమంటుంది. ఆవిడ లోపలి చెవిలో ఇసుక రేణువుల్లాంటివి ఉండాల్సిన చోటు వదిలి పక్క గొట్టంలోకి జారాయట. ఈ అమ్మాయి ఆవిణ్ణి వెల్లకిలా పడుకోబెట్టి, తల ఒక పక్కకి తిప్పి, ఆగి, ఇంకో పక్కకి తిప్పి లేపి కూర్చోబెట్టింది. రెండంటే రెండుసార్లు! నయమైపోయి నవ్వుకుంటూ వెళ్లిపోయింది. నాకూ అదే చెయ్యమని పోట్లాడాను. మీకు జారిన రేణువులు లేవు, వాచిన నరం ఉంది, ఎవరి తిరుగుడు వాళ్లదే అంది. రోగంలో కూడా నాకు తేలికరకం రాలేదు చూడు.

ఇక బకెట్టు సంగతి. నిన్న ఒక ప్లాస్టిక్ బకెట్టు తెచ్చింది. లోపల అడుగున నల్లటి గీత ఒకటి గీసి ఉంది. బకెట్టు అడ్డంగా పట్టుకుని నా మొహం అందులో పెట్టించింది. చుట్టూ ప్లాస్టిక్కే, కిటికీ లేదు, గుమ్మం లేదు, గీత తప్ప ఏమీ కనబడదు. తను మెల్లగా తిప్పుతుంటుంది, గీత నిట్టనిలువుగా ఉందనిపించినప్పుడు ఆపమనాలి. నేను లోపల్లోపల నవ్వుకున్నాను. నిలువు చెప్పమని తాపీ మేస్త్రీని అడుగుతోంది! ఆపమన్నాను. బల్ల గుద్ది చెప్పాను, నిలువే అని. మొహం తీసి బయటివైపు చూస్తే, బకెట్టు అడుక్కి వెనకాల కోణమానిని అంటించి, దారం కట్టి చిన్న బరువు వేలాడదీసి ఉంది. మన గుండే, పిల్ల గుండు. గీత ఎడమకి నాలుగు డిగ్రీలు వాలింది.

ఆ గీత నువ్వే వంకరగా గీశావన్నాను. ఆ అమ్మాయి బకెట్టు పక్కన పెట్టి స్పాంజి ఎక్కమంది. నా కోపానికి ఆవిడ దగ్గర విలువే లేదు.

కాంట్రాక్టరు పట్టుబట్టి కూర్చున్నాడు. నీ బావమరిది వచ్చి పక్కన నిలబడతానంటేనే పరంజా ఎక్కనిస్తాను, లేకపోతే కింద ఇసుక జల్లించుకో అన్నాడు. ఇసుక జల్లిస్తున్నాను. ఇరవై ఆరేళ్ల పనితనం జల్లెడలో పడి ఉంది. నీకు జాలి వెయ్యాలని రాయడం లేదు. ఉన్నమాట రాస్తున్నాను.

ఇట్లు,
జల్లెడ మేస్త్రీ


మార్చి 29, ఆదివారం

చిరంజీవి బావమరిదికి,

ఈసారి ఉత్తరంతో పాటు ఒక పొట్లం కూడా పంపిస్తున్నాను. దాన్ని ముందే విప్పకు. ఉత్తరం చివరిదాకా చదివాకే విప్పు. బావగా ఇన్నేళ్లలో నిన్ను ఇది చెయ్యి, అది చెయ్యి అని నేను ఆజ్ఞాపించింది సైటు మీదే తప్ప బయట కాదు కదా, ఈ ఒక్కటీ విను.

ఆ బకెట్టు నన్ను నిద్రపోనివ్వలేదు. మర్నాడే బజారుకెళ్లి ఒకటి కొనుక్కొచ్చాను. రసమట్టం పెట్టి నా చేత్తో నేనే అడుగున గీత గీశాను. అదే గీతకి సూటిగా వెనకాల కోణమానిని అంటించి దారం కట్టాను. కొలిచి, మళ్లీ కొలిచి, దర్జీ స్కేలుతో ఇంకోసారి కొలిచాను. వంకర అనడానికి ఎవడికీ సందు లేదు. మీ అక్కని తిప్పమని మొహం పెట్టాను. ఆవిడ తిప్పుతూ, బట్టలు నానబెట్టుకునే దాంట్లో ఈయన తల నానబెడుతున్నాడని గొణిగింది. ఆపమన్నాను. బయటికొచ్చి చూశాను. ఎడమకి నాలుగు డిగ్రీలు.

పదిసార్లు చేశాను. పదిసార్లూ ఎడమకే.

గోడవార కూర్చుని లెక్కేశాను. నాలుగు డిగ్రీలంటే ఆరడుగుల గోడకి పైన ఐదంగుళాలు. ఐదంగుళాలు పక్కకి పోయిన గోడ ఎవడైనా కడతాడా? పని నేర్చుకోవడానికొచ్చిన మొదటి రోజు కూడా ఎవడూ కట్టడు. గోడ పూర్తయ్యేలోగా దానంతటదే కూలుతుంది. ఈ మాట ఆ రోజు నాకు తట్టాలా వద్దా?

ఫిజియో అమ్మాయి దగ్గరికెళ్లి నా బకెట్టు చూపించాను. మొదటిసారి నవ్వింది. నిలువు తప్పుగా కనబడటం ఈ జబ్బులో ఉంటుందంది. ఇంట్లో, వీధిలో గుమ్మాలూ కిటికీలూ స్తంభాలూ కనబడుతుంటే కన్ను వాటిని చూసుకుని సర్దుకుంటుంది. చుట్టూ ఏమీ లేని చోట చెవి చెప్పిందే వేదం అవుతుంది. మొదటి రోజుల్లో నాలుగు కాదు, ఇంకా ఎక్కువే ఉండి ఉంటుందట. పట్టాలు కట్టిన మెట్ల సందులో నేను నిలబడిన రోజు నా కళ్ల ముందు మెదిలింది. నీ గోడ నిలువుగానే ఉండి ఉండొచ్చు. అలా రాయడానికి నాకెంత కష్టంగా ఉందో చూసుకో, ఈ వాక్యం మూడుసార్లు కొట్టేశాను.

ఆ అమ్మాయి ఒక ప్రశ్న అడిగింది. గోడ ఒరిగిందనిపించిన రోజు గుండు వేసి చూశారా అని. చూడలేదన్నాను. వేసి ఉంటే దారం కూడా ఒరిగినట్టే కనబడేది, జబ్బు సంగతి ఆ పూటే తెలిసిపోయేది అని చెప్పి, చూడలేదు అని తన కాగితం మీద రాసుకుంది. నేను అక్కడి అద్దంలో నా మొహం చూసుకుంటూ కూర్చున్నాను.

ఇప్పుడెలా ఉన్నానంటే, గోడ మీది అక్షరం కదలడం మానేసింది. టైల్స్ గీత మీద వంటింటి గుమ్మం దాకా వెళ్లి తిరిగొస్తున్నాను. స్పాంజి మీద కళ్లు మూసుకుని ముప్ఫై లెక్కపెడుతున్నాను. బకెట్టులో గీత నాలుగు నుంచి మూడు, రెండు, ఇప్పుడు ఒకటికి లోపు. గీత చాలావరకు దానంతటదే నిలువుకొస్తుందట, మనిషి తూలకుండా నడవాలంటే మాత్రం వ్యాయామమే దిక్కట. అయినా విసుగు పోలేదు రా. జనం కిక్కిరిసిన బజార్లో నడిస్తే ఇప్పటికీ కాళ్ల కింద నేల దూదిలా ఉంటుంది. అలిసిపోయిన సాయంత్రం గుమ్మం రాసుకుంటూ వెళ్తాను. చూసేవాళ్లకి మాత్రం నిక్షేపంగా ఉన్నాను. కట్టు కట్టిన చెయ్యైతే చూపించొచ్చు, దీన్ని ఎవరికి చూపించేది? నేను తాగొచ్చాననుకున్నావంటే నీ తప్పేముంది, చూడ్డానికి అలాగే ఉంటుంది. ఆ మాట మీద కోపం పోయింది. మొత్తం పోలేదు, చాలావరకు పోయింది.

నిన్న సైటుకి వెళ్లాను. కాంట్రాక్టరు ముందు గీత మీద నడిచి చూపించాను. తల తిప్పుకుంటూ కూడా నడిచాను. ఆయన మెత్తబడ్డాడు కానీ మాట మార్చలేదు. నువ్వు పక్కనుంటేనే పరంజా. నాకూ అదే నయమనిపించింది. మనిషి పక్కన మనిషి ఉండాలి. మామయ్య ఉన్నన్నాళ్లూ నేను కడితే ఆయన తూకం చూసేవాడు, ఆయన కడితే నేను. ఆయన పోయాక నేను ఎవరినీ చూడనివ్వలేదు. నిన్ను కూడా. పన్నెండేళ్లు నీ చేతికి ఇటుకలూ మాలూ ఇచ్చాను తప్ప తూకం ఇవ్వలేదు.

రా రా. బతిమాలుతున్నాననుకుంటే అనుకో.

ఇట్లు,
మీ బావ

తా.క. సంతకం పెట్టాక కూడా కాగితం మిగిలింది, మిగలకుండా ఉంటే బాగుండేది. మొదటి ఉత్తరం చివర నేను రాసింది అబద్ధం. ఫిజియో అమ్మాయికి చెప్పిందీ అబద్ధమే. ఆ రోజు మీరంతా టీకి వెళ్లినప్పుడు నీ సంచీలోంచి మామయ్య గుండు తీసి నీ గోడ పక్కన వేలాడదీశాను. గోడకీ దారానికీ మధ్య సందు పైనుంచి కిందిదాకా ఒకటే. వెంట్రుకవాసి తేడా లేదు. కానీ నా కంటికి దారం కూడా కుడికి ఒరిగే ఉంది. వేలాడే దారం ఎక్కడైనా ఒరుగుతుందా? అంతమాత్రం తెలియనివాణ్ణా నేను? చెడింది గోడ కాదు, నేనేనని ఆ క్షణంలోనే తెలిసిపోయింది. భయం వేసింది రా. కన్ను పోయిన మేస్త్రీని ఎవరు పిలుస్తారు? నా తల చెడిందనడం కన్నా నీ గోడ చెడిందనడం తేలికనిపించింది. గుండు జేబులో వేసుకుని, మీరు తిరిగొచ్చేసరికి సుత్తి పట్టుకుని నిలబడ్డాను.

చాలా బాగా కట్టావు ఆ గోడ. మామయ్య చేతిలా ఉంది. అది కూడా ఆ రోజే చూశాను.

పొట్లంలో గుండు ఉంది, దారం కొత్తది వేశాను. మెట్ల పక్క చోటు ఇంకా ఖాళీగానే ఉంది. నువ్వు తప్ప ఎవరూ అక్కడ ఇటుక పెట్టకూడదని నిన్న కాంట్రాక్టరుకి చెప్పాను. ఎందుకో కూడా చెప్పాను, కూలీలందరి ముందూ.